రేణుక సాలు

మగ పువ్వు రేకులు వెనక్కి విరిచి, నిన్న సాయంత్రం గిల్లి ఉంచిన ఆడ పువ్వు మొనకు రాసింది రేణుక. ఒకసారి రాసి, పువ్వును కొంచెం తిప్పి మళ్లీ రాసింది. గుర్తుకు పెట్టిన కాగితం తొడుగును నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుని పక్క కొమ్మకు జరిగింది. ఆకుల అడుగున పేనుబంక పట్టి మొక్క మొత్తం పాకంలో ముంచి తీసినట్టు జిగటగా ఉంది. దాని మీద నిన్న కొట్టిన పురుగుల మందు. చెయ్యి ఎక్కడ పెట్టినా అంటుకుంటుంది, ముఖం తుడుచుకుంటే ముఖానికీ అంటుకుంటుంది. మధ్యాహ్నం అన్నం కలిపితే ముద్దలోనూ అదే వాసన. చిన్నప్పటి నుంచి ఆ వాసనతోనే తింటోంది గానీ అలవాటైపోయిందని చెప్పుకోవడానికి ఇప్పటికీ ఆమెకు నోరు రాదు.

గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి పండించే ప్రతి చేనులోనూ వానాకాలం సగమయ్యే వేళకు ఇదే పని. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచుకుని రేకులూ మగ పొడీ గోటితో గిల్లి పారేయాలి. పొద్దున్నే వేరే రకం పువ్వు తెచ్చి దాని పొడిని పట్టించాలి. దీన్ని అందరూ క్రాసింగ్ అంటారు. పని సరిగ్గా జరిగితే, మొగ్గలు గిల్లే మొక్కలున్న ఆడ సాలులో పువ్వన్నదే కనపడకూడదు. ఒక్క మొగ్గను గిల్లకుండా వదిలేశారా, అది దానంతటదే పూసి, దానంతటదే కాయ కట్టి, విత్తనాన్ని కల్తీ చేస్తుంది. కంపెనీ వాళ్లు ఆ విత్తనాన్ని నాటి చూస్తారు. కల్తీ తేలితే ఏడాది పంటంతా నూనె మిల్లు పాలే.

రేణుక ఈ పనిలోకి వచ్చినప్పుడు పత్తి మొక్కా ఆమే ఒకే ఎత్తు. తెలకపల్లి దగ్గరి ఊళ్లో తల్లి పోయాక పెద్దమ్మ బాలమ్మ వెంటబెట్టుకుని ఇక్కడికి తెచ్చింది. అప్పటి పటేలు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "పని కోసమే కొలిచి కన్నట్టున్నది పిల్ల, వంగే బాధనే లేదు" అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. మెచ్చుకోలేమో అనుకుని రేణుక కూడా నవ్వింది. తనిఖీ వాళ్ల జీపు వచ్చిందంటే పిల్లలంతా పక్క జొన్న చేనులోకి పరుగు. ఆకులు మెడ కోస్తున్నా మూతి మూసుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు పిల్లల్ని ఎవరూ పెట్టుకోవడం లేదు. పిల్లలు బడికి పోవాలని కూలీలుండే షెడ్డు గోడ మీద బొమ్మ కూడా వేయించారు. ఆ బొమ్మలో సంచీ తగిలించుకుని నవ్వుతున్న పిల్లను చూస్తే రేణుకకు ఒళ్లు మండుతుంది. ఆమె బడికి పోయింది గానీ అది బాలమ్మ పుణ్యం. క్రాసింగ్ అయిపోగానే చెయ్యి పట్టుకుని హాస్టలుకు తీసుకుపోయి, వార్డెను కాళ్లావేళ్లా పడి వదిలి వచ్చేది. అట్లా అతుకులు అతుకులుగా ఇంటర్ దాకా వచ్చింది.

ఆ ఇంటరే ఈ ఏడు ఆమెను మేస్త్రిని చేసింది. పాత పటేలు పోయాడు. కొడుకు నరేందర్ హైదరాబాదులో ఇంజనీరింగు వెలగబెట్టి వచ్చి సేద్యంలోకి దిగాడు. చేను మధ్య స్తంభానికి కెమెరా పెట్టించాడు. ఆడవాళ్లంతా వచ్చారా లేదా, సాయంత్రానికి ఎక్కడి దాకా అయింది, అన్నీ ఫొటోలు తీసి పంపాలి. ఆ పని బాలమ్మ ఈడు వాళ్లతో కాదు. రేణుక చేతిలో ఫోను పెట్టి, "ఇగ నువ్వే మేస్త్రివి" అన్నాడు. తన సాళ్లు తను చేసుకుంటూనే మేస్త్రితనం కూడా. షెడ్డులో చివరి మూల, గాలి వచ్చే చోటు, మేస్త్రిదే. పేరు పెట్టి పిలిచే ముసలివాళ్లు కూడా ఇప్పుడు "రేణుకమ్మా" అంటున్నారు. పుట్టాక మొదటిసారి ఒకరు తనను అడిగి పని చేస్తున్నారన్న సంగతి ఆమెకు బాగా రుచించింది.

ఎండ ముదురుతుండగా నరేందర్ గట్టు మీద బండి ఆపి ఆమెను పిలిచాడు. పక్కకు తీసుకుపోయి ఫోను చూపించాడు. ఆడ సాలులో రేకులతో సహా విచ్చుకున్న పూలు. నిన్న తెల్లగా పూసి, ఇవాళ్టికి గులాబీ రంగుకు తిరిగినవి. ఒకటి కాదు, కొమ్మకొకటి.

"గివి ఎవరి సాళ్లు?"

రేణుక ఫొటో వైపు చూసింది. సాలు మొదట్లో పగిలిన నీళ్ల పైపూ, దానికి చుట్టిన నీలం గుడ్డ పీలికా. ఆ పీలిక కట్టింది తనే. అది తన సాలు. మొన్న సాయంత్రం పక్క ఊరి రైతుకు మనుషులను కుదిర్చే పనిలో ఫోను చెవికి పెట్టుకునే సాళ్లలో నడిచింది. ఒక చెయ్యి ఫోనుకు పోతే మొగ్గలకు ఒకే చెయ్యి మిగిలింది. ఏది గిల్లిందో ఏది వదిలిందో ఆమెకే గుర్తు లేదు.

"కంపెనీ మనిషి చూస్తే మొత్తం చేనే వద్దంటడు. ఎవరిదో చెప్పు. రేపటి సంది ఆ మనిషి నాకొద్దు" అన్నాడు నరేందర్.

"పెద్దమ్మవి" అంది రేణుక.

ఎంత సులువుగా వచ్చిందంటే, ఆ మాట ఎప్పటి నుంచో నాలుక కింద తయారుగా ఉన్నట్టుంది. నరేందర్ తల ఊపాడు. బాలమ్మ కళ్లు నీరు కారుతుంటాయనీ, సాయంత్రమైతే తడుముకుంటుందనీ అందరికీ తెలుసు. నమ్మకపోవడానికి ఏమీ లేదు.

"నేను ముందే అనుకున్న. ముసలామె, మా నాయన కాలం మనిషి, నేను పొమ్మంటే బాగుండది. నువ్వే చెప్పు. సాయంత్రం బస్సుకు ఎక్కియ్యి." బండి ఎక్కుతూ ఆగి, "సొంత పెద్దమ్మ అయినా దాచలేదు చూడు, గది నాకు నచ్చింది. మనుషులను నడిపేటోళ్లు గట్లనే ఉండాలె. నువ్వు పైకొస్తవ్ రేణుకా" అన్నాడు.

పెరిగి పెద్దవడమంటే ఇదేనన్నమాట. రేణుకకు నోట్లో ఉమ్మి ఊరింది. గట్టు పక్కకు పోయి ఉమ్మేసింది. మళ్లీ ఊరింది. తేలు కుట్టిన దొంగలా గప్‌చిప్‌గా వచ్చి సాలులో చేరింది. ఎర్రబడిన పూలన్నీ తెంపి కాళ్ల కింద వేసి తొక్కింది. పక్క సాలులో ఉన్న శాంతమ్మ ఈమె వైపు ఒకసారి చూసి, తల దించుకుని తన పని చేసుకుంది. నీలం పీలిక ఎవరిదో శాంతమ్మకు తెలుసు. తెలిసినా నోరు విప్పదు. ఆమెకూ రేపు పని కావాలి.

మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చున్నారు. బాలమ్మ నిన్నంతా జ్వరంతో షెడ్డులోనే పడి ఉంది, ఇవాళే లేచింది. పక్కకు తిరిగి గొంతులో కఫం లాగి ఉమ్మి, కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో మూతి తుడుచుకుంది. పొగాకు నమిలి నల్లబడిన పళ్లు. మందు పట్టి పగుళ్లు విచ్చిన వేళ్లు. ఆ వేళ్లతోనే చింత తొక్కు తీసి రేణుక గిన్నెలో వేసింది.

"సరిగ తింటలేవు బిడ్డా. మొఖం గింతయింది."

రేణుక ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ వేళ్లను చూస్తే అసహ్యం, ఆ చెమట వాసన అంటే అసహ్యం. చిన్నప్పుడు ఆ చెమట వాసన ముక్కుకు తగిలితే తప్ప నిద్ర పట్టేది కాదన్న సంగతి గుర్తొచ్చి తన మీద తనకు అంతకు రెట్టింపు అసహ్యం. ఈ ముసలిది కొంచెం చెడ్డదై ఉంటే ఎంత బాగుండు అనుకుంది. తిట్టేదో కొట్టేదో అయితే, చేసిన పనికి ఒక సాకు దొరికేది. తొక్కు ముద్దను గిన్నె అంచుకు నెట్టి నీళ్లు తాగి లేచింది.

ఇక్కడి నుంచి పంపితే బాలమ్మ ఎక్కడికి పోతుందో రేణుకకు తెలియనిదా? తెలకపల్లిలో తమ్ముడి ఇల్లు. ఆ తమ్ముడి భార్య, ఆడబిడ్డ కంచంలో పడే ప్రతి మెతుకునూ కళ్లతోనే ఏరే రకం. పోయిన ఎండాకాలం పశువుల కొట్టంలో పడక వేసింది. క్రాసింగ్ కాలం ఎప్పుడొస్తుందా అని బాలమ్మ వానకోసం చూసినట్టు చూసింది.

ఎండ దిగి మొగ్గలు గిల్లే వేళయింది. రేణుక కావాలనే బాలమ్మ పక్క సాలు పట్టింది. చెప్పాల్సిన మాటను రేణుక మనసులో పది రకాలుగా మడిచి చూసుకుంది. ఎట్లా మడిచినా కుళ్లు బయటికే కనపడుతోంది.

"పెద్దమ్మా, నరేందరన్న జర బాగ తిడుతుండు. పూలు తప్పినయంట. నీకు కండ్లు కనవడ్తలేవు గదా... కొన్ని దినాలు ఇంటికాడ ఉండి రాపో. తర్వాత నేనే పిలుస్త."

బాలమ్మ చేతిలోని మొగ్గను గిల్లడం పూర్తి చేసింది. కాగితం తొడిగింది. అప్పుడు నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడింది.

"నీలం పీలిక సాలు గురించేనా?"

రేణుక మొగ్గ మీది నుంచి చెయ్యి తీసేసింది.

"పొద్దున చూస్తి. నీ సాలల్ల నిలవడి ఫోనుల ఫొటోలు తీస్తుండె ఆయన. అయ్యో అనుకున్న. దినాము పొద్దుగాల్నే నేనొక సుట్టు తిరిగి నీ తెల్లపూలు తెంపి చొక్క జేబుల ఏస్కుంటుంటి. నిన్న లేవలేకపోతి. ఒళ్లు కాలిపాయె." బాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏడుపు కాదు, ఎప్పుడూ కారే నీళ్లే. "ఫోనుల మాట్లాడుకుంట ఈ పని గాదు బిడ్డా. ఇగనన్న సాలల్ల ఉన్నప్పుడు దాన్ని పక్కకు పెట్టు. నేనుండ."

"పెద్దమ్మా, నేను..."

"నా పేరే చెప్పినవా?"

రేణుక తల ఊపింది.

బాలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ మసక కళ్లకు ఏం కనపడిందో గానీ, మాట మాత్రం కోపంగా రాలేదు. హాస్టలు నుంచి పాసయినట్టు కాగితం తెచ్చినప్పుడు అన్న గొంతుతోనే అంది.

"బతకనేర్చినవ్. మంచిదే. మీ అమ్మకు చాతగాలే, నాకూ చాతగాలే."

అని, మిగిలిన మొగ్గల వైపు ఒకసారి చూసి, ఆ కొమ్మ వరకు పూర్తి చేసి, షెడ్డు వైపు నడిచింది. తిట్టి ఉంటే రేణుక తట్టుకునేది. చెంప మీద కొట్టి ఉంటే కాళ్లు పట్టుకునేది. ఆ మెప్పును ఏం చేసుకోవాలో, ఎక్కడ కడుక్కోవాలో ఆమెకు తోచలేదు.

గట్టు మీద నరేందర్ బండి ఇంకా ఉంది. పోయి ఒక్క ముక్క చెప్తే సరిపోతుంది: ఆ సాలు నాది. రేణుక చెప్పాలనే నడిచింది. నడుస్తుంటే కాళ్లు బాగానే కదిలాయి. షెడ్డులో గాలి వచ్చే మూల గుర్తొచ్చింది. రేణుకమ్మా అన్న పిలుపులు గుర్తొచ్చాయి. పది గజాల దూరంలో ఉండగానే నరేందర్ ఫోను మీది నుంచి తలెత్తి, "చెప్పినవా?" అన్నాడు.

"చెప్పిన" అంది రేణుక.

"ఏమన్న లొల్లి పెట్టిందా?"

"లేదన్నా."

"మంచి ముసలామె పాపం" అని నరేందర్ బండి తీశాడు. మంచితనం మీద జాలిపడటానికి ఆయనకు ఖర్చేమీ లేదు కదా.

రేణుక మళ్లీ సాలులోకి పోయి, అందరి పనీ ఎంతవరకు వచ్చిందో ఫొటోలు తీసింది. రోడ్డు మీద నాగర్‌కర్నూల్ బస్సు హారన్ వినపడ్డప్పుడు ఆమె చివరి ఫొటో పంపుతోంది. తలెత్తి చూసేసరికి, సంచి చంకన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని మెట్టెక్కుతున్న మనిషి వీపు కనపడింది. కండక్టరు చెయ్యి అందించాడు. బస్సు వెళ్లిపోయింది. ఆడవాళ్లెవరూ ఏమీ అడగలేదు. శాంతమ్మ మాత్రం, "రేపు బాలమ్మ సాళ్లు నాకిస్తవా రేణుకమ్మా? నీడ పడ్తది ఆడ" అంది.

రేణుక చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మళ్లీ కడిగింది. వాసన పోలేదు. షెడ్డులోకి వచ్చేసరికి బాలమ్మ చాప లేదు, గిన్నెలు లేవు, ఊడ్చి పోయినట్టు నేల శుభ్రంగా ఉంది. గోడ మేకుకు ఆమె చేనులో చీర మీద తొడుక్కునే మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా ఒకటే వేలాడుతోంది, ఎడమ జేబు ఉబ్బెత్తుగా, వాడిన పూల రసానికి గులాబీ రంగు దిగి.