నేను కుట్టిన ఎర్రపెట్ట

నేను ఒక కుట్టుసూదిని. ఏదో కార్ఖానాలో పుట్టాను, ఆ ఊరి పేరు తెలియదు. అంగడిలో గాజులమ్మే ఆమె దగ్గర బాలమణి నన్ను కొన్నది. రవికెలకు హుక్కులు, దిండు గలీబులు కుట్టడమే నా బతుకనుకున్నాను.

ఒక పొద్దున ఆమె ఎర్రపెట్టను కుక్క పట్టింది. విడిపించేసరికి వీపు మీద తోలు రెక్క దాకా చీలి, లోపలి మాంసం కనిపిస్తోంది. పశువుల డాక్టరు బదిలీ అయిపోయాడు, కొత్తాయన ఇంకా రాలేదు.

"ఇగ బతకదే, కోసెయ్," అన్నది గోడ అవతలి ఇంట్లో ఉండే తోటికోడలు కనకవ్వ.

"కొయ్య అక్కా. జర పట్టుకో, కుట్టేస్త."

కనకవ్వ పెట్టను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. బాలమణి కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో గాయం కడిగి, చుట్టూ ఈకలు కత్తిరించింది. నన్నూ దారాన్నీ మరిగే నీళ్లలో వేసి తీసింది. గుడ్డ తప్ప ఏదీ కుట్టని నేను, ఆ వెచ్చని తోలులోకి దిగాను. పెట్ట సన్నగా మూలిగింది. కనకవ్వ దాని తల నిమురుతూ, "అయిపోయింది బిడ్డా, అయిపోయింది," అంటూనే ఉంది. ఆ గొంతును నేను నమ్మాను. పెట్టా నమ్మింది.

ఈగలు వాలకుండా, తక్కిన కోళ్లు పొడవకుండా బాలమణి దాన్ని గంప కింద విడిగా ఉంచింది. గాయం మానింది. కొత్త ఈకలు వచ్చాక పెట్ట రెండిళ్ల మధ్యా తిరిగేది. కనకవ్వ కూర్చుని కనిపిస్తే చాలు, ఒళ్లోకి ఎక్కేది.

హుక్కు కుట్టుకోవడానికని కనకవ్వ నన్ను అడిగి తీసుకుపోయి, తన గోడ మీది క్యాలెండరుకు గుచ్చింది. అక్కడి నుంచే అంతా చూశాను. బాలమణి నాట్లకు పోయిన రోజు కనకవ్వ తమ్ముడు చెప్పకుండా వచ్చాడు. ఆమె తన కోళ్ల వైపు చూసింది. కొయ్యడానికి మనసు రాలేదు. వాకిట్లో కూర్చుని "బో బో" అని పిలిచింది. ఎర్రపెట్ట పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చుంది. మధ్యాహ్నానికి తమ్ముడి కంచంలో కూరయింది.

సాయంత్రం బాలమణి వాకిళ్లన్నీ వెతికింది. కనకవ్వ కూడా వెంట తిరిగి, అదే గొంతుతో పిలిచింది. చివరకు, "ఆ కుక్కనే ఎత్కపోయినట్టుంది చెల్లే," అని కళ్లొత్తుకుని, నన్ను తిరిగి ఇచ్చేసింది.

బాలమణి నన్ను రవికె భుజానికి గుచ్చుకుంది. "నువ్వు పట్టుకుంటెనే గదా అక్కా అది బతికింది," అంటూ కనకవ్వను కావలించుకుని ఏడ్చింది.

ఇద్దరి మధ్యా నలిగిన నేను, నాకు చేతనైన ఒక్క పనీ చేశాను. కనకవ్వ మెడలో దిగాను.

"అబ్బా!"

"అయ్యో, చూస్కోలే అక్కా. తప్పయింది," అంటూ బాలమణి ఆ నెత్తుటి చుక్కను కొంగుతో తుడిచింది. "పాడు సూది!" అని నన్ను పెంటకుప్పలోకి విసిరేసింది.

ఇక్కడ తుప్పు పడుతూ ఒక్కటే అనుకుంటాను. ఆ రోజు రెండిళ్లలోనూ తప్పయిందని అన్నది బాలమణి ఒక్కతే.