పదిహేనేళ్ళ వాగ్దానం

ఎలీషా మాస్టారిని ఆపరేషన్‌కి వెళ్ళనివ్వకుండా పాస్టరు గారు అడ్డం పడ్డారట. ఈ మాట వీరలక్ష్మి గారు అప్పనపల్లి వెళ్ళే ఆటోలో పక్కన కూర్చున్న వీరదుర్గతో అన్నారట, వీరదుర్గ తిరిగొచ్చి రొయ్యల గంప దగ్గర నలుగురికీ చెప్పింది.

"గుండెలో మూడు నాళాలు పూడిపోయేయంట వదినా. కాకినాడలో మంచం కూడా ఖాయం చేసేరంట. ఆ పాస్టరు గారేమో ప్రార్థన చాలు, కత్తి అక్కర్లేదన్నారంట. హెడ్మాస్టరు చేసిన మనిషి. చదువుకున్నోళ్ళకి ఇదేం ఖర్మ చెప్పు."

ఇంతకీ వీరలక్ష్మి గారు అప్పనపల్లి వెళ్తున్నది మనవడి హాల్‌టికెట్టు బాలాజీ పాదాల దగ్గర పెట్టించుకురావడానికి.

నాళాల మాట నిజం. మంచం మాట నిజం. పాస్టరు మాటే తలకిందులయింది. వెళ్ళనని భీష్మించుకున్నది మాస్టారు. వెళ్ళండి బాబూ అని ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్నది పాస్టరు. అయితే ఊరి మాటలో ఒక పిసరు న్యాయం లేకపోలేదు. మాస్టారి పట్టుదలకి సరుకు అందించింది పాస్టరు గారి ప్రసంగాలే.

పాస్టరు పేరు హర్ష. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం వదిలేసి, దైవశాస్త్రం చదువుకుని రాజోలు పక్కనున్న ఈ సంఘానికి వచ్చాడు. వయసు చిన్నదే అయినా అందరూ అయ్యగారనే పిలుస్తారు. కిందటి వర్షాకాలం సంఘంలో కాలేజీ కుర్రాళ్ళు ఆయన్ని పట్టుకుని, "బైబిల్ని రాసింది మనుషులే కదండీ, మరి దేవుడి మాటని ఎందుకనుకోవాలండీ?" అని అడిగారు. ఇంకొకరయితే ఉపవాస ప్రార్థనకి రమ్మని పంపేద్దురు. హర్ష గారు అలా చెయ్యలేదు. వరసగా ఆదివారాలు దాని మీదే మాట్లాడారు.

మనుషులు రాయలేదని ఆయన అనలేదు. రాజులు రాశారు, గొర్రెలు కాసినవాళ్ళు రాశారు, చేపలు పట్టినవాళ్ళు రాశారు, సుంకం వసూలు చేసినవాడూ రాశాడు. సన్నాయిలో ఊపిరి ఊదేవాడిది, గొంతు సన్నాయిది, రెండూ అబద్ధం కాదన్నారు. ధవళేశ్వరం వైపు నుంచి ఒకడు, అంతర్వేది వైపు నుంచి ఒకడు, ఒకడి మొహం ఒకడు ఎరగకుండా, ఒకడు పోయిన ఎన్నో తరాలకి ఇంకొకడు పుట్టి కాలవ తవ్వుకుంటూ వచ్చారనుకోండి. ఆ కాలవ మధ్యలో సరిగ్గా కలిసిందంటే, ముందే గుర్తులు పాతినవాడు ఒకడు ఉండాలి కదా అన్నారు. మనుషులే కల్పించుకుంటే తమ గొప్పలు రాసుకునేవారు, పెద్దరాజు చేసిన పాపాన్నీ, పెద్ద శిష్యుడు ఆడిన అబద్ధాన్నీ పూసగుచ్చినట్టు ఎందుకు రాసుకుంటారన్నారు. "మన సంఘం వందేళ్ళ పండగకి వేసిన పుస్తకంలో ఒక్క గొడవైనా రాసుకున్నామా?" అని అడిగితే వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. అన్నిటికన్నా, ప్రభువే ఆ పాత లేఖనాల్ని తండ్రి మాటగా ఎత్తి చెప్పాడు, ఆయన్ని నమ్మినవాడు ఆయన నమ్మినదాన్ని కాదనలేడు అన్నారు. వీటిలో ఏదీ లెక్కలా తేలేది కాదని, చదివినవాడి లోపల అదే ఆత్మ సాక్ష్యం చెప్పాలని ముగించారు.

కుర్రాళ్ళ మాటెలా ఉన్నా, ఇది గట్టిగా అంటుకున్నది మాస్టారికి. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాడు. చెప్పులు చేత్తో పట్టుకుని పెద్దవీధి దాటిన పాలేరు ఆయన తాత. అక్షరాలు నేర్చుకున్నదే ఆ గ్రంథం చదవడానికి. దేవుడు తన పోలికలో మనిషిని చేశాడన్న మాట మొదటిసారి కూడబలుక్కుని చదివిన రోజున, తాత మర్నాడు కామందు దగ్గర నడుం వంచకుండా నిలబడ్డాడని ఇంట్లో చెప్పుకుంటారు. "మా వంశంలో మనిషన్నవాణ్ణి తయారుచేసిన పుస్తకం అది. మనుషులు రాస్తే మమ్మల్నెందుకు లెక్కలో వేస్తారండీ?" అనేవారు మాస్టారు.

ఇక చీటీ సంగతి. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ఇత్తడి పళ్ళెంలో వాక్యాల చీటీలు బోర్లించి పెడతారు. పాస్టరు గారు పళ్ళెం మీద చెయ్యి చాపి ప్రార్థన చేస్తారు. ఒక్కొక్కరూ వచ్చి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన వాగ్దానం అది. మాస్టారికి వచ్చింది హిజ్కియా రాజుకి దేవుడు చెప్పిన మాట. రోగంతో మంచం పట్టిన రాజు ఏడ్చి ప్రార్థిస్తే, ఆయుష్షుకి ఇంకో పదిహేనేళ్ళు కలిపిన సంగతి. మాస్టారు దాన్ని ఫోను వెనక పారదర్శకంగా ఉండే కవరులో పెట్టుకున్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నప్పుడల్లా చీటీ ఎదుటివాళ్ళకి కనిపిస్తూ ఉంటుంది.

ఫిబ్రవరిలో గుండె నొప్పి వచ్చింది. కాకినాడలో నర్సుగా చేస్తున్న కూతురు మెర్సీ దగ్గరుండి పరీక్షలు చేయించి, పెద్ద డాక్టరుతో మాట్లాడి, సోమవారానికి ఆపరేషన్ ఖాయం చేసింది. ఆలస్యం చేస్తే ఏ పూటైనా ప్రమాదమని డాక్టరు చెప్పాడు. రొమ్ము ఎముక ఎలా తెరుస్తారో మెర్సీ వివరిస్తుంటే మాస్టారు లేచివెళ్ళి తిరుగుతున్న ఫ్యాను ఆపి, మళ్ళీ వేశారు. ఆయన తమ్ముడు ప్రకాశరావు ఇలాంటి ఆపరేషన్‌కే హైదరాబాదు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మర్నాటి నుంచి మాస్టారు చీటీ చూపించడం మొదలుపెట్టారు. దేవుడు ఇచ్చాక కత్తి ఎందుకన్నారు.

శనివారం మధ్యాహ్నం పాస్టరు మళ్ళీ వచ్చారు. వరండాలో మాస్టారి భార్య మేరీ గారు చేతులకి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతున్నారు. మెర్సీ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"వందనాలయ్యగారూ. ఊళ్ళో మీరే నన్ను ఆపేస్తున్నారని చెప్పుకుంటున్నారంట కదా," అన్నారు మాస్టారు కుర్చీ జరుపుతూ.

"ఆయ్. రొయ్యలమ్మే అప్పలరాజు కూడా నన్ను నిలదీసేడండి. మాస్టారూ, నా పరువు సంగతి వదిలెయ్యండి. ఆ మాట దేవుడు ఆ రాజుతో చెప్పేడు. మీతో కాదు."

"అబ్రాహాముకిచ్చిన వాగ్దానం మనదేనని మీరు ఎన్ని ఆదివారాలు చెప్పలేదు? అప్పుడు అడ్రసు చూడలేదేంటండీ?"

హర్ష గారు కుర్చీలో ముందుకి జరిగారు. "సరే. ఆ అధ్యాయం పూర్తిగా చదవండి. పదిహేనేళ్ళు ఇస్తానన్నాక కూడా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి రాజు ఒంటిమీది పుండుకి కట్టమన్నాడు. మాటిచ్చిన దేవుడే మందూ చెప్పేడు."

"కట్టమన్నది ప్రవక్త. డాక్టరు కాదు. అంజూరాలంటారా, అమ్మాయి కాకినాడ నుంచి డబ్బాడు తెచ్చింది, రోజూ తింటున్నాను."

మెర్సీకి నవ్వు రాలేదు.

"మాస్టారూ, ఒకటి చెప్తాను వినండి," అన్నారు హర్ష గారు గొంతు తగ్గించి. "ఆ చీటీల్లో వాక్యాలు ఏరింది నేను. అమలాపురంలో అచ్చు వేయించేను. మా ఆవిడ కత్తిరించింది. శాపాలూ, శిక్షలూ ఉన్నవి నేనే తీసేసేను. పండగ పూట ఎవరూ బాధపడకూడదని."

"గొర్రెల కాపరి చెయ్యి పట్టుకుని రాయించిన దేవుడు మీ చెయ్యి పట్టుకోలేడా అయ్యగారూ?"

"దేవుడి ఊపిరి గ్రంథంలో ఉందండి. మా ఆవిడ కత్తెరలో లేదు."

"మరయితే పళ్ళెం మీద చెయ్యి పెట్టి, నీ ప్రతి బిడ్డకీ తగిన మాట నువ్వే అందించు తండ్రీ అని ప్రార్థన చేసిందెవరు? నేను ఆమెన్ అన్నాను. మీరు అడిగేరు, ఆయన అందించేడు. ఇప్పుడు కాదంటే ఆ ప్రార్థన ఏమైనట్టు?"

హర్ష గారు తలొంచుకున్నారు. ఆ పళ్ళెం ఆయన పెట్టిన ఆచారం కాదు. ఆయనకంటే ముందున్న పాస్టర్లందరూ చేశారు, మానేస్తే సంఘం ఊరుకోదు. వచ్చే ఏడాది నుంచి ఆ ప్రార్థన మాటలు మార్చాలని మాత్రం అనుకున్నారు. అది సోమవారానికి పనికొచ్చే ఆలోచన కాదు.

"నాన్నగారూ, సోమవారం పొద్దున్నకి చేరకపోతే ఆ మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు," అంది మెర్సీ.

"ఇచ్చెయ్యనీ. అవసరమున్నోడికి దొరుకుతుంది."

"మీకు అవసరం లేదా?"

"నాకు మాటుందమ్మా." మాస్టారు ఫోను తిప్పి చీటీ పైకి వచ్చేలా బల్ల మీద పెట్టారు. పాస్టరు తలొంచుకున్నాక ఆయన గొంతులో కొంచెం గెలుపు వచ్చింది. భార్య వైపు తిరిగారు. "వీళ్ళిద్దరూ చదువుకున్నోళ్ళు, వాదిస్తారు. నువ్వు చెప్పు మేరీ. నలభయ్యేళ్ళుగా నాతో మోకాళ్ళేసి ప్రార్థన చేసినదానివి. ఇది దేవుడి మాటా, కాదా?"

మేరీ గారు చేతిలో పనసకాయని పక్కన పెట్టారు. వేళ్ళకి అంటిన జిగురు కొబ్బరిపీచుతో తుడుచుకున్నారు.

"దేవుడి మాటేనండి. నాకే అనుమానమూ లేదు. పదిహేనేళ్ళు ఇచ్చేడని నమ్మేను కాబట్టే సోమవారానికి కారు మాట్లాడేను. నమ్మనిది మీరు. నమ్మినోళ్ళయితే, ఆ పదిహేనేళ్ళనీ ఓ డాక్టరు కత్తి తెంపేస్తుందని ఇంట్లో దాక్కుంటారేంటండీ?"