మొదటి బంతి

కృష్ణపట్నం రేవులో క్రేన్ నడిపే హెబ్రోను కూతురు అబిగయీలు నర్సు. ఉప్పుటేరు గట్టున ఉన్న యానాదుల కాలనీకి వెళ్లి పిల్లలకు టీకాలు వేస్తుంటుంది. పెళ్లి కుదిరినప్పుడు తండ్రిని వెంటబెట్టుకొని అక్కడికీ వెళ్లి, ఇంటింటికీ శుభలేఖ ఇచ్చింది.

కాలనీలో పెద్దావిడ కామాక్షి ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

“మమ్మల్ని పెళ్లికి పిలవను ఎవురూ రాలేదు తల్లీ. అందరూ తిన్నాక గేటు కాడ నిలబడితే, మిగిలింది పెట్టేవోళ్లు.”

“ఈసారి ముందే రావాల అవ్వా. మొదటి బంతి మీదే,” అంది అబిగయీలు.

తిరిగి వస్తుంటే హెబ్రోను నసిగాడు. “మగపెళ్లివాళ్లు ఏమంటారో అమ్మా.”

“యేసయ్య మనింటికి వస్తే ఎవర్ని వెంటబెట్టుకొస్తాడు నాన్నా?”

ఆయన వంటవాడికి ఫోన్ చేసి, ఇంకో యాభై ఆకులు ఎక్కువ చెప్పాడు.

పెళ్లినాడు చర్చిలో ప్రమాణాలు అయ్యాయి. షామియానా కింద బల్లల మీద ఆకులు వేశారు. కాలనీవాళ్లు మాత్రం కనబడలేదు. అబిగయీలు వెతికితే గేటు బయట నిలబడి ఉన్నారు. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తలలు, చేతుల్లో అలవాటుగా గిన్నెలు. మెడలో దండతోనే గబగబా వెళ్లి అవ్వ చెయ్యి పట్టుకుంది.

వాళ్లు లోపలికి రావడం చూసి, కోవూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త నవోమి ముఖం చిట్లించింది.

“వీళ్ల పక్కన మేం కూర్చోవాల్నా అన్నయ్యగారూ?”

హెబ్రోను మగపెళ్లివాళ్ల వైపు ఒకసారి చూశాడు. అయినా చెప్పాడు. “మేం పిలిస్తే వచ్చినారు చెల్లెమ్మా. మాకు మీరెంతో వాళ్లూ అంతే.”

పెళ్లికొడుకు జడ్సన్ కోటు విప్పేసి, కాలనీ పిల్లల మధ్య కూర్చున్నాడు. “ఆకలేస్తా ఉంది. ముందు మాకు పెట్టండి!”

పిల్లలు పకపకా నవ్వారు.

నవోమి మిగతా బల్లల దగ్గర చోటు వెతికింది. సిగ్గుతోనో, బిర్యానీ వాసనకో, చివరికి ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంది. పక్కనే కామాక్షి.

“ఇంకో ముక్క ఏయించుకోమ్మా, పెళ్లిలో మొహమాటపడకూడదు,” అంది అవ్వ, పెళ్లి తన ఇంట్లోదే అయినట్టు.

నవోమికి నవ్వు ఆగలేదు. ఆకులు ఎత్తేసరికి ఇద్దరూ పీతల పులుసులో చింతపండు వేయాలా, మామిడికాయ వేయాలా అని వాదించుకుంటున్నారు.

“నా చేతి పులుసు తిని అప్పుడు చెప్పు,” అంది అవ్వ.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త జంట కాలనీకి భోజనానికి వెళ్లింది. వాళ్ల వెనకాలే ఆటోలోంచి నవోమి కూడా దిగింది. అవ్వ మామిడికాయే వేసింది. నవోమి రెండుసార్లు పులుసు వేయించుకుంది.