జాకెట్ లోపలి జేబు

రఘువీర్‌కి ఆ రివాల్వర్ మోసీ మోసీ విసుగొచ్చేసింది. రష్యా సైన్యం ఎప్పుడో వాడి పారేసిన ఇనప ముక్క అది. సర్‌ప్లస్ సరుకు, చవగ్గా వస్తోందని కొన్నాడు. అమెరికాలో, క్యారీ ఊరి చివర రఘువీర్ గ్యాస్ స్టేషన్ షాపులో ఎవడో పట్టపగలు అతని మెడ మీద కత్తి పెట్టి రెండేళ్ళయింది. ఆ మర్నాడే లైసెన్స్‌కి అప్లై చేశాడు. అప్పట్నుంచీ లెదర్ జాకెట్ లోపలి జేబులో ఏడు తూటాలతో అది, భుజం పీకుతూ ఇతనూ. పోనీ ధైర్యమైనా వచ్చిందా అంటే అదీ లేదు. షాపు తలుపు చప్పుడైతే చాలు, గుండె జారిపోతుంది.

ఆ శనివారం స్నేహితుడు చక్రపాణి ఇంట్లో సత్యనారాయణ వ్రతం. తోలు వస్తువు ఒంటిమీద పెట్టుకుని దేవుడి ముందు కూర్చోకూడదు కదా! జాకెట్ విప్పి, పడగ్గదిలో మంచం మీద అందరి కోట్ల కిందకి తోసేశాడు. కారులో వదలొచ్చుగా అంటారా? అద్దం పగలగొట్టి ఎవడైనా పట్టుకుపోతాడని భయం. ఇంటినిండా పిల్లలు తిరుగుతుంటే మంచం మీద పెట్టడానికి మాత్రం భయం లేదట! ఏం మనిషండీ!

మూడో కథ నడుస్తుండగా చక్రపాణి కూతురు నిధి, ఆరేళ్ళ పిల్ల, ఆ జాకెట్ తొడుక్కుని హాల్లోకొచ్చింది. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

"లుక్, ఐ యామ్ రఘు అంకుల్!"

అందరూ నవ్వారు. పంతులుగారు కూడా కథ ఆపి నవ్వారు.

రఘువీర్ సగం లేచి ఆగాడు. అరిస్తే పిల్ల బెదురుతుంది, లేచి వెంటపడితే ఆటనుకుని పరిగెడుతుంది. "ఇలా రామ్మా, గుండీలు పెడతాను" అన్నాడు. పిల్ల కిలకిలా నవ్వుతూ వచ్చి నిలబడింది. లోపలి జేబులో చెయ్యి పెట్టాడు.

జేబు ఖాళీ.

పక్క గదుల్లోంచి పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. వాళ్ళలో ఎవరి చేతిలో ఉందో! పడగ్గదిలోకి పరిగెత్తాడు.

మంచం చివర అతని భార్య ఉమ కూర్చుని ఉంది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"కంగారు పడకండి, నా దగ్గరే ఉంది" అంది. "అది తీసేశాకే పిల్ల అడిగితే జాకెట్ ఇచ్చాను."

"ఎప్పుడు తీశావు?"

"ఎప్పుడూ తీసేదే. మీరు జాకెట్ విప్పగానే తీస్తాను, వెళ్ళేటప్పుడు మళ్ళీ పెట్టేస్తాను. రెండేళ్ళుగా ఎవరింటికెళ్ళినా ఇదే నా పని. దీంతో పిల్లల మధ్యకి రాలేక, తలనొప్పని చెప్పి గదిలో కూర్చుంటాను. అలిసిపోయానండీ."

రఘువీర్ పక్కన కూలబడ్డాడు. పిలిచినవాళ్ళింట్లో తినక, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంటుందేమిటని ఎన్నిసార్లు కసిరాడో! సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాతో చెప్పొచ్చుగా ఉమా?"

"మొదట్లో రోజూ చెప్పాను. ఆ కత్తిగాణ్ణి తలుచుకుని మీరు వణికిపోయేవారు. ఇక చెప్పబుద్ధి కాలేదు."

అతను బ్యాగు తీసుకున్నాడు. "సోమవారం దీన్ని పోలీసులకిచ్చేస్తాను. ఇవాళ నువ్వెళ్ళి హారతి తీసుకో. కూర్చుని నిమ్మళంగా భోంచెయ్యి."

ఉమ అతని మొహంలోకి చూసి లేచింది.

గుమ్మం దగ్గర చక్రపాణి అడ్డుపడ్డాడు. "ఒరేయ్, ప్రసాదం తీసుకోకుండా వెళ్ళకూడదురా!"

"మా ఆవిడ తీసుకుంటుందిలే" అని బయటికొచ్చేశాడు.

కారెక్కి తలుపులు లాక్ చేసి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫుట్‌పాత్ మీద సైకిళ్ళు తొక్కుతున్న పిల్లలు దగ్గరకొచ్చినప్పుడల్లా బ్యాగు మీద చేతులు బిగుసుకున్నాయి. నడుం పట్టేసింది, ఆకలి మొదలైంది. ఈపాటికి భోజనాలు అయిపోయి ఉంటాయనుకుని గడియారం చూశాడు.

పన్నెండు నిమిషాలే అయింది.