నేను తీసేసిన కాలమ్

బరిటో రొట్టెచుట్టలకి రేకు కాగితం చుడుతుంటే వెనకనుంచి మా ఆయన ఎవెరార్దో నవ్వాడు.

"ఎవరు పని మానేస్తారో కంప్యూటర్ జోస్యం చెబుతుందా? అంత శ్రమెందుకే, నన్నడుగు. మొహం చూసి చెప్పేస్తా."

"నిన్న ఉప్పెక్కువైంది," అని మా అత్తగారు డోన్యా చోలే మంచం మీదనుంచే గుర్తుచేసింది.

తెల్లవారి నాలుగున్నర నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను. చిక్కుడుగింజలు ఉడికించి ఎనపడం, మిరపకాయలు కాల్చడం, టోర్టియా రొట్టెలు వేడిచేయడం, పిల్లలతో సహా అందరివీ చుట్టిపెట్టడం. ఐదున్నరకి ఫ్యాక్టరీ బస్సు. మెక్సికో సరిహద్దులోని మా ఊరు హువారెస్‌లో సగం ఇళ్ళలో ఆ వేళకి ఇదే హడావిడి. మాది కార్లలోకి వైర్ల కట్టలు అల్లే ఫ్యాక్టరీ. ఎవెరార్దో ఏడో లైనుకి సూపర్‌వైజరు, నేను సిబ్బంది విభాగంలో గుమాస్తాని. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సు దిగుతాం. దిగగానే అతను అలిసిపోతాడు, నేను వంటింట్లోకి పోతాను. అలిసిపోవడం మా ఇంట్లో ఒక్కరికే కుదురుతుంది. పదహారేళ్ళుగా అంతే.

మా దగ్గర డిసెంబరు బోనసు అందుకుని ఊరెళ్ళినవాళ్ళలో సగంమంది జనవరిలో తిరిగిరారు. ఈసారి ఎవరు రారో ముందే తెలియాలన్నాడు మా పైఅధికారి, ఇంజనీరు సమానియేగో. "ఒటిలియా, నువ్వే చెయ్యి. బయటివాళ్ళని పిలవక్కర్లేదు, చాట్‌బాట్ కోడ్ రాసిస్తుందట. నీకు ఓపికెక్కువ కదా!" ఓపికెక్కువ అన్నారంటే జీతం పెంచకుండా ఇంకో పని అంటగడుతున్నారని అర్థం. అత్తగారు కూడా నన్ను ఆ మాటే అంటుంది, గిన్నెలు తోమే ముందు.

కోడ్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదనే టైప్ చేశాను. చాట్‌బాట్ విసుక్కోలేదు. ఏయే వివరాలు ఉన్నాయని అడిగింది, వయసు, పిల్లలు, ఇంటికి దూరం, సెలవులు, ఒక్కొక్కటీ ఎలా సర్దాలో చెప్పింది. అది రాసిచ్చిన కోడ్ నడిపితే తప్పుందని ఎర్రక్షరాలు వచ్చాయి. అవి తీసుకెళ్ళి దానిముందే పెడితే, 'క్షమించండి, పొరపాటు నాదే' అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెప్పుకోవడానికే సిగ్గు. ఇంట్లోగానీ ఫ్యాక్టరీలోగానీ నాకు ఎవరూ ఆ మాట చెప్పిన గుర్తు లేదు. యంత్రం రోజుకి పదిసార్లు చెప్పింది. మరమనిషి మర్యాదకి పొంగిపోయే స్థితికి వచ్చానా అని నామీద నాకే జాలేసింది.

రెండోరోజు అది ఒకటి అడిగింది. 'ఎవరు ఏ సూపర్‌వైజర్ కింద పనిచేశారో ఆ వివరం ఉందా? ఉంటే బాగా ఉపయోగపడుతుంది.' 'లేదు' అని కొట్టాను. ఉంది. ఫైలు దానికి ఇచ్చేముందే ఆ కాలమ్ నేనే తీసేశాను. ఎందుకు తీశానని ఆ క్షణంలో నన్నెవరైనా అడిగితే అనవసరమనిపించింది అనేదాన్ని. నమ్మకంగానే అనేదాన్ని.

బుధవారానికి, మానేసే అవకాశం ఎక్కువున్నవాళ్ళని పైనుంచి వరసగా పేర్చే మోడల్ తయారైంది. మానేసేవాళ్ళని పట్టిచ్చే గుర్తుల్లో మొదటిది ఆరేళ్ళలోపు పిల్లలుండటం, రెండోది ఆస్పత్రి సెలవులు. సమానియేగో బల్ల చరిచాడు. "పిల్లలతల్లులు నిలవరని నేనెప్పుడో చెప్పా! పైనున్న నలభైమందికి కాంట్రాక్టు పొడిగించొద్దు. ఎలాగూ పోయేవాళ్ళే. శుక్రవారం మధ్యాహ్నానికి లిస్టు నా బల్లమీద ఉండాలి, సంతకం పెడతా."

ఆ నలభైలో మూడో పేరు నెరెయిదాది. ఏడో లైను పిల్ల, ఇరవైనాలుగేళ్ళు. కొడుక్కి ఉబ్బసం. అదేరోజు శిశుసంరక్షణ కేంద్రానికి చూపించే ఉద్యోగపత్రం కోసం నా దగ్గరికొచ్చింది. "పోయిన వారం రెండు పూటలు పోయాయి మేడమ్, ఇక పోవు. మా అమ్మని రమ్మన్నా. ఈ ఉద్యోగం పోతే వాణ్ణి అక్కడ ఉంచుకోరు." ముద్ర వేసి ఇచ్చాను. తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "నేనిక్కడికి వచ్చానని మీ ఆయనకి చెప్పకండేం."

ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

నాకు తెలుసు. ఏడో లైనులో టాయిలెట్‌కి వెళ్ళాలంటే ఒకే ఒక కార్డు. ఒకళ్ళు వచ్చాకే ఇంకొకళ్ళు వెళ్ళాలి. మిగతా లైన్లలో ఆ కార్డు మేకుకి వేలాడుతుంది. ఏడో లైనులో ఎవెరార్దో మెడలో వేలాడుతుంది. కార్డు కావాలన్న పిల్ల దగ్గరికొచ్చి అతని మెడలోంచి తనే తీసుకోవాలి. అతను తల వంచడు, చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడతాడు. ఈ సంగతి నాకు చెప్పింది ఆ లైనులోనే పనిచేసిన లిబోరియా, రెండేళ్ళ కిందట, మానేయడానికి వచ్చినప్పుడు. "మునివేళ్ళమీద లేచి తీసుకోవాలి మేడమ్. అప్పుడు చెవిలో ఏదో ఒకటి అంటాడు. ఇక నావల్ల కాదు." రాజీనామా ఫారంలో కారణం రాసే గడి చాలా చిన్నది. నేను కలం తీసి, "వ్యక్తిగతం అని రాస్తానమ్మా, గొడవెందుకు, పని తొందరగా అయిపోతుంది," అన్నాను. లిబోరియా నా బల్లమీద ఉన్న మా కుటుంబం ఫోటో చూసింది, నన్ను చూసింది, సంతకం పెట్టింది. ఆ సాయంత్రం అతనికిష్టమని రొయ్యల పులుసు చేశాను. చేసి వడ్డించాను కూడా! తరవాత వచ్చినవాళ్ళెవరూ నాకేమీ చెప్పలేదు. ఫోటో చూసి వాళ్ళే 'వ్యక్తిగతం' అనేవాళ్ళు. నేను రాసుకునేదాన్ని. హమ్మయ్య అనుకునేదాన్ని.

గురువారం ఉదయం ఆ కాలమ్ మళ్ళీ పెట్టాను. అందులో సూపర్‌వైజర్ల పేర్లు లేవు, నంబర్లే. ఎవెరార్దోది పద్నాలుగు. నడిపాను. పిల్లల సంగతి జాబితాలో అడుగుకి పోయింది. అన్నిటికన్నా పైన పద్నాలుగో నంబరు సూపర్‌వైజరు. ఎలా మారిపోయిందని చాట్‌బాట్‌ని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. మిగతా సూపర్‌వైజర్ల కింద తల్లులు అందరిలాగే నిలబడుతున్నారు. పద్నాలుగు కింద పిల్లల్లేనివాళ్ళు కూడా వెళ్ళిపోతున్నారు. పిల్లలున్నవాళ్ళు ఎక్కువగా అక్కడే ఉన్నారు, అందుకే ముందు తప్పుగా కనబడింది. షిఫ్టు మారకుండా ఎప్పుడూ పగటిపనే ఉండేది ఏడో లైనులోనే గనక తల్లులు అక్కడ చేరతారని నాకు తెలుసు. చివర్న అంది: 'ఎక్కడ జరుగుతోందో అంకెలు చెబుతాయి. ఎందుకో చెప్పలేవు. అది మనుషుల్ని అడిగి తెలుసుకోవాలి.'

సాయంకాలం ఇంట్లో అతను చొక్కా విప్పి కుర్చీమీద పడేశాడు. తీసి ఉతికాను. మెడపట్టీ దగ్గర సబ్బు రుద్ది, మళ్ళీ రుద్దాను. ఎంతమంది చేతులు అక్కడిదాకా వచ్చి ఉంటాయి! ఈ రెండేళ్ళూ ఉతికినప్పుడల్లా నాకు తెలుసు. తెలిసే ఉతికాను. అతన్ని అసహ్యించుకోవడం తేలికే, ఆ రాత్రి నన్ను నేను అసహ్యించుకున్నాను.

శుక్రవారం పొద్దున్న కొత్త కాగితం సమానియేగో ముందు పెట్టాను. పద్నాలుగు ఎవరని లైన్ల చార్టు తీసి చూశాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఈ కాలమ్ తీసేయ్ ఒటిలియా. నీ మంచికే చెబుతున్నా. ఎవెరార్దో నీ మొగుడు. ఉత్పత్తిలో వాడి లైనే ముందుంది. రేపు వాడి ఉద్యోగం పోతే ఇల్లెలా నడుస్తుంది? పిల్లల మొహం చూడు."

"ఆ నలభైమందికీ పిల్లలున్నారండీ."

"అంకెలు పట్టుకుని మనిషిని నిందిస్తావా? పదేళ్ళ కాగితాలున్నాయి మన దగ్గర. వాడిమీద ఒక్క ఫిర్యాదు, ఒక్కటంటే ఒక్కటి, రాతలో చూపించు. పన్నెండింటిదాకా చూస్తా. లేకపోతే పాత లిస్టు మీదే సంతకం."

ఒక్కటీ లేదు. ఉండకుండా చూసుకున్నది నేనే కదా.

నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. పదింబావు. ఎవెరార్దో ఏం చేస్తాడో తెలుసు, అత్తగారు ఏమంటుందో తెలుసు, పిల్లలు ఎవరివైపు చూస్తారో మాత్రం తెలియదు. పాత ఫైల్లోంచి లిబోరియా ఫోన్ నంబరు తీసి కలిపాను. చాలాసేపు మోగింది.

"లిబోరియా, నేను ఒటిలియాని, ఫ్యాక్టరీ నుంచి. ఆరోజు నువ్వు చెప్పింది మళ్ళీ చెప్పాలి. నీ మాటల్లోనే రాస్తాను. రెండేళ్ళ కిందటే నువ్వు చెప్పావని, నేనే రాయలేదని కింద నేను సంతకం పెడతాను."

లిబోరియా మెల్లగా అడిగింది. "మేడమ్, మీ ఆయన పక్కనున్నాడా?"

"లేడు," అన్నాను. "ఉన్నా రాసుకుంటాను. చెప్పు."