పానా బావ బిగించిన స్టీరింగు

పానా బావ నాకు చేసిన అన్యాయం పగవాడు కూడా చెయ్యడు. నా ట్రాక్టరు స్టీరింగు బాగుచేశాడు.

పానా బావ అంటే మా అక్క మొగుడు. నడుముకి పానా లేకుండా గడప దాటడు. అక్క చేనూ నా చేనూ పక్కపక్కనే. మొన్నటి వరదకి మధ్యన ఉన్న గట్టు హద్దురాళ్లతో సహా కొట్టుకుపోయింది. రెండు చివర్లా రెండు కరెంటు స్తంభాలు మిగిలాయి. నా ట్రాక్టరుతో ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఒక చాలు తీస్తాను, అదే హద్దు అన్నాను. మొదటి చాలే ఆఖరు, మళ్లీ కొలతలు అడగకూడదని కాగితం రాయించిందీ నేనే.

ఎందుకంటే నా బండి సంగతి నాకు తెలుసు. స్టీరింగు పావు చుట్టు తిప్పినా చక్రాలకి కబురందదు. నాగలి దించితే కుడికి ఈడుస్తుంది, ఎడమకి విదిలిస్తూ తోలాలి. ఆ కుడివైపు ఉన్నది బావ చేను. చెయ్యి కాస్త బద్ధకిస్తే సరి, మిగతా పని బండే చూసుకుంటుంది.

చాలు తీసే రోజు పొద్దున్నే బావ దిగాడు.

"స్టీరింగు లూజుగా ఉందిగా బావమరిదీ?"

"ఎవరన్నారు? నిక్షేపంలా ఉంది."

"మొన్న నువ్వు తోలుతుంటే చూశాలే, తాగినవాడి నడక! ఎక్కి కూర్చుని ఆడించు, కింద నేను చూస్తా."

"స్టీరింగు పెట్టె అరిగుంటుంది బావా. విప్పితే వారం పడుతుంది, వదిలెయ్."

"ముందు నువ్వు ఆడించరా!"

ఆడించక తప్పలేదు. బావ బండి కింద దూరి ఒక్కో కీలు మీదా చెయ్యి వేసి చూశాడు. పెట్టె దగ్గర అంతా వెంటనే కదులుతోంది, అక్కణ్నుంచి చక్రానికి పోయే రాడ్డూ కదులుతోంది. రాడ్డు చివరి కీలు మాత్రం తన గూట్లో తనే కొట్టుకుంటోంది, చక్రం పలకడం లేదు.

"దొరికాడు దొంగ! టైరాడ్ ఎండు. లోపలి గుండు అరిగి ముసలాడి పన్నులా ఊగుతోంది. పెట్టెకేం రోగం లేదు."

"కొత్తది ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది?"

బావ జేబులోంచి తీశాడు. కొనుక్కునే వచ్చాడు మహానుభావుడు. మా ఆవిడ నా చెవి దగ్గర, "ఇంకో సాకు చెప్పండి, దానికీ సామాను తెచ్చుంటారు అన్నయ్యగారు" అంది.

పిన్ను లాగి, నట్టు విప్పి, పక్కనుంచి సుత్తితో రెండేస్తే పాతది ఊడింది. పదకొండు చుట్లకి మరలోంచి బయటికొచ్చింది. కొత్తదాన్నీ సరిగ్గా పదకొండు చుట్లే ఎక్కించాడు. లేకపోతే చక్రాలు రెండూ చెరో దారీ చూస్తాయట. తర్వాత వేలితో తిప్పినా చక్రం తిరిగింది.

స్తంభం దగ్గర నాగలి దించాను. ఇక చేసేదేముంది, న్యాయంగానే తోలుదామనుకున్నాను. పది గజాలు పోయానో లేదో, ఆరేళ్లుగా విదిలిస్తున్న చేతులు ఎడమకి విదిలించాయి. బండి మాట వినే బండైపోయింది కదా, తిన్నగా నా చేలోకి దూరింది. కంగారుపడి కుడికి లాగాను. కాస్త సర్దుకునేలోపే చేతులు మళ్లీ ఎడమకే.

"ఒరేయ్, అది నీ చేనురా!" అని అక్క అరుస్తూ వెనకాల పరుగెత్తింది.

చివర ఆగి వెనక్కి చూశాను. తీసిన చాలు నిండుచూలాలి పొట్టలా నా వైపుకి ఉబ్బి ఉంది.

"మళ్లీ తీద్దాం బావా. ఇది లెక్కలోకి రాదు."

బావ కాగితం విప్పాడు. "మొదటి చాలే ఆఖరు. సంతకం నీదే. స్టీరింగు బిగించాను గానీ, నీ చేతులు బిగించే పానా నా దగ్గర లేదురా."

తర్వాత నా మనశ్శాంతి కోసం నేనే కొలిపించుకున్నాను. పోయింది రెండున్నర సెంట్లు.