చల్లారిన బిబింకా

ఏప్రిల్ వచ్చిందంటే మా మాలిబాగో ఊళ్లో మగాళ్లందరికీ మోకాళ్ల నొప్పులు మాయమైపోతాయి. ఏడాది పొడుగునా నీళ్ల బిందె ఎత్తమంటే నడుం పట్టుకునేవాళ్లు కూడా ఎండలు ముదరగానే జెర్సీలు తొడుక్కుని బాస్కెట్‌బాల్ కోర్టు చుట్టూ తిరుగుతారు. వేసవి లీగ్ మరి. నలభై అయిదు దాటినవాళ్లకి వేరే విభాగం ఉంది. అందులో మా జట్టు పేరు 'ముదురు కొబ్బరి'. లేత కాయలో ఉండేవి నీళ్లే, నూనె ముదురు కాయలోనే ఉంటుందని వాదించి ఆ పేరు నేనే పెట్టాను. ఆరు వేసవులుగా ఆడుతున్నాం. ఇంతవరకూ నూనె చుక్క రాలలేదు.

జట్టు నాయకుణ్ణి కూడా నేనే. పేరు నెస్తోర్, బేరాలకి ట్రైసికిల్ బండి నడుపుతాను. వయసు యాభై రెండు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, చుట్టుకొలత అడక్కండి. నేను వేసిన బంతి బుట్టలో పడకపోతే గాలి మళ్లిందంటాను, గాలి లేని రోజున రింగు వంకరంటాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నన్ను చూసే పుట్టిందని మా ఆవిడ మెర్లీ గట్టి నమ్మకం.

మా ఊళ్లో ఆట కన్నా ఆరంభం రోజు ఊరేగింపే గొప్ప. ముందు బ్యాండు, వెనకాల వరసగా జట్లు. ప్రతి జట్టు ముందూ భుజానికి అడ్డంగా జట్టు పట్టీ వేసుకుని ఒక అమ్మాయి నడవాలి. ఆమెని మ్యూజ్ అంటాం. మ్యూజ్ లేని జట్టు మొదటి ఆట ఆడకుండానే ఓడినట్టు. ఆమెని అడగడానికీ ఒక పద్ధతుంది. నోటితో అడగకూడదు. పొయ్యి మీంచి దిగిన వేడి బిబింకా తీపి రొట్టెని అరిటాకుతో సహా అట్టపెట్టెలో పెట్టించి, పురికొసతో కట్టి, దానిమీద పట్టీ మడిచిపెట్టి ఆ ఇంటికి తీసుకెళ్లాలి. పెట్టె విప్పి తిన్నారా, ఒప్పుకున్నట్టే. ఇష్టం లేకపోతే "ఇప్పుడే భోంచేశాం" అని విప్పకుండా పంపేస్తారు. తిన్నాక కాదనడం గానీ, తిన్నవాళ్లని వద్దనడం గానీ మా ఊరి పుట్టుకలో లేవు.

మెర్లీ నాకు అలాగే దొరికింది. ఇరవై ఏడేళ్ల కిందట ఆమెని అప్పటి మా కుర్రాళ్ల జట్టు మ్యూజ్‌గా అడగడానికి పెట్టె పట్టుకెళితే, వాళ్లమ్మ పురికొస విప్పి తింది. ఆ వేసవి అన్ని ఆటలూ ఓడిపోయాం గానీ ఏడాది తిరక్కుండా నాకు పెళ్లయింది. "కొట్టు దగ్గర్నుంచి సరాసరి మీ ఇంటికే వచ్చాను మెర్లీ, ఇంకో గుమ్మం తొక్కలేదు" అని ప్రతి పెళ్లిరోజునా చెబుతుంటాను. ఆమె నవ్వుకుంటుంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లోనే ఇల్లరికం ఉన్నాను.

ఇన్నేళ్లూ మా అక్క కూతురు మాకు మ్యూజ్‌గా నడిచేది. ఈ ఏడు చేతులెత్తేసింది. "మావయ్యా, పోయినేడు పరిగెత్తుతుంటే నీ నిక్కరు జారింది. నా స్నేహితులు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతున్నారు. చచ్చినా రాను" అంది.

సరే, పోతే పోయింది, ఊళ్లో ఆడపిల్లలకి కొదవా అనుకున్నాను. పొద్దున్నే బిబింకా కట్టించుకుని ముందు మందుల షాపు అమ్మాయి ఇంటికి వెళ్లాను. "అయ్యో, ఇప్పుడే భోంచేశాం మాంగ్ నెస్తోర్" అంది. అప్పుడు టైము ఎనిమిదిన్నర. పెద్దవాణ్ణి కాబట్టి మాంగ్ అని మర్యాద మాత్రం ఇచ్చింది. తర్వాత కొత్త టీచరమ్మ ఇంటికి. "మా ఇంట్లో అందరికీ షుగరండీ" అంది, చేతిలో ఐస్‌క్రీమ్ కప్పుతో. మూడో ఇంట్లో తలుపు కొడితే లోపల్నుంచి "ఇంట్లో ఎవరూ లేరు" అని వినిపించింది.

ఎండ నెత్తికెక్కాక ఇల్లు చేరాను. బిబింకా చల్లారి అట్టలాగా అయిపోయింది. పెట్టె బల్లమీద పడేసి, పెరట్లో పంపు దగ్గర నాలుగు చెంబులు పోసుకుని లోపలికొచ్చాను. బల్ల ముందు మా అత్తగారు కూర్చుని ఉంది. పురికొస ఉండ చుట్టి పక్కన పెట్టింది. పట్టీ ఒళ్లో ఉంది. బిబింకా సగం అయిపోయింది.

మా అత్తగారి పేరు పేసింగ్. నానాయ్ అంటాను. అమ్మని పిలిచినట్టే. డెబ్భై నాలుగేళ్లు. ఈ ఇరవై ఏడేళ్లలో నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. "ఆ ట్రైసికిల్ వచ్చిందా?" అని మెర్లీని అడుగుతుంది. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే.

"ఏవయ్యా, ఊరేగింపు ఎప్పుడు?" అంది నములుతూ.

"ఆ... ఆదివారం, నానాయ్."

"మీ జట్టు రంగు ఈ పట్టీ రంగేనా?"

"అవును, ఆకుపచ్చ."

"ఆకుపచ్చ నాకు నప్పదు. పోన్లే, సర్దుకుంటాను."

వంటింట్లోకి పరిగెత్తి మెర్లీ చెయ్యి పట్టుకున్నాను.

"మీ అమ్మ తినేస్తోంది! అది ఆవిడకి కాదు మెర్లీ!"

"తిందా?"

"సగం తింది."

"అయితే అయిపోయింది. వెళ్లి చెప్పగలిగితే చెప్పు." మెర్లీ గొంతు తగ్గించింది. "పెళ్లయ్యేదాకా మా అమ్మ వాళ్ల పిన్ని కొట్లో బిబింకాలు కాల్చింది. ఊళ్లో ఆడపిల్లలందరికీ పెట్టెలు కట్టింది ఆ చేతుల్తోనే. తనకోసం ఒక్కడూ ఒక్క పెట్టె తేలేదు. డెబ్భై నాలుగేళ్లకి ఇదే మొదటిది. వెళ్లు, నీకోసం కాదే ముసల్దానా అని చెప్పు."

నాకా సంగతి తెలీదు. తెలిశాక వంటింట్లోనే ఉండిపోయాను. చెబితే ఆ ముసలి ప్రాణం చివుక్కుమంటుంది. చెప్పకపోతే ఆదివారం ఊరంతా నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నా పరువు కన్నా ఆవిడ మనసే ముఖ్యమనుకున్నానని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజం వేరు. నాకు ధైర్యం చాల్లేదు, అంతే.

మంగలి తిబుర్సియో మా జట్టులో పొడుగు ఆటగాడు. అయిదడుగుల ఆరంగుళాలు ఉంటాడు. సంగతి విని కత్తెర కింద పెట్టాడు.

"ఒరే నెస్తోర్, మనల్ని చూసే జనం ముసలాళ్లంటారు. ఆవిణ్ణి ముందు నడిపిస్తావా?"

"ఆవిడ వెనకాల మనం కుర్రాళ్లలా కనిపిస్తాంరా," అన్నాను.

"పాడె వెనకాల నడిచే కుర్రాళ్లలాగా," అన్నాడు వాడు.

ఆ వారంలో మూడుసార్లు చెబుదామని వెళ్లాను. మొదటిసారి ఆవిడ పాత పెట్టెలోంచి ఆకుపచ్చ పావడా తీసి ఎండలో ఆరేస్తోంది. రెండోసారి బట్టలారేసే తీగ వెంబడి అటూ ఇటూ నడక నేర్చుకుంటోంది. మూడోసారి నన్ను చూసి చెయ్యి ఎత్తి, "ఇలా ఊపాలా, అలా ఊపాలా?" అని అడిగింది.

"అలాగే బావుంది, నానాయ్," అన్నాను తేలు కుట్టిన దొంగలాగా.

ఆదివారం నాలుగింటికి ఊరేగింపు బయల్దేరింది. చీట్లు తీస్తే మా జట్టుకి రెండో స్థానం వచ్చింది. వెనక పదకొండు జట్లు. ముందు నడిచే మ్యూజ్‌ని దాటి వెళ్లకూడదన్నది ఇంకో నియమం. నానాయ్ పేసింగ్ నడక ఎవరికోసమూ మారదు. పైగా ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, చెయ్యి ఊపి, వాళ్ల ఆవుదూడ దాకా అందరి క్షేమం అడిగి గానీ కదల్లేదు. బ్యాండు మమ్మల్ని వదిలేసి రెండు వీధులు ముందుకెళ్లిపోయింది. వెనకాల పడుచు మ్యూజుల ముఖాల మీద రంగులు కరిగి కారిపోతున్నాయి. "మాంగ్ నెస్తోర్, మీ బామ్మకి చక్రాలు కట్టండి!" అని ఎవడో కుర్ర ఆటగాడు అరిచాడు. నేను తల దించుకుని నా బూట్లు చూసుకుంటూ నడిచాను.

మందుల షాపు దగ్గర ఆవిడ ఆగింది. గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది.

"భోంచేశావా తల్లీ?" అంది నానాయ్.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఇంకో వీధిలో టీచరమ్మ కనిపిస్తే, "షుగరెలా ఉందమ్మా?" అని అడిగింది. ముసలావిడ అందరి ఆరోగ్యాల గురించీ ఎంత కనుక్కుంటుందోనని నేను మనసులో మెచ్చుకున్నాను. నా తెలివి అలాంటిది.

అరగంట ఊరేగింపు గంటన్నరకి కోర్టు చేరింది. మేమంతా కెప్టెన్‌ని కుదించి కప్ అని పిలిచే మా ఊరి పెద్ద ఓన్యోంగ్ మైకు పట్టుకుని మ్యూజులందర్నీ వరసగా నిలబెట్టాడు. అందరికీ ఒకటే ప్రశ్న. ఈ జట్టుకి మ్యూజ్‌గా ఉండటానికి ఎందుకు ఒప్పుకున్నారు? ఆటలు యువతని చెడు అలవాట్లకి దూరంగా ఉంచుతాయి కాబట్టి అని మొదటమ్మాయి చెప్పింది. మిగిలిన వాళ్లూ అదే అప్పజెప్పారు. పెద్దావిడని నానాయ్‌కి మాత్రం కుర్చీ వేసి, ఆవిడ వంతు ఆఖర్న ఉంచారు. ఆవిడ మైకు కప్ చేతిలోంచి లాక్కుంది.

"ఒప్పుకోవడమేంటి కప్? నన్నెవరూ అడగందే!"

జనం చెవులు రిక్కించారు.

"ఆ పెట్టె నాకోసం రాలేదు. మూడిళ్లు తిరిగి తిరిగి మా బల్లమీద పడింది. పొయ్యి ముందు పదిహేనేళ్లు కూర్చున్నదాన్ని, చల్లారిన బిబింకా ముట్టుకుంటే ఎన్ని గుమ్మాలెక్కి దిగిందో చెప్పగలను. మూడిళ్ల వాళ్లూ తినలేదు, వాళ్లు చెప్పిన సాకులు కూడా ఆ సాయంత్రానికే నా చెవిన పడ్డాయి. ఎవరో ఒకరు తినాలి కదా? లేకపోతే ఇతగాడు ఇంతమంది ముందు తల దించుకుని ఇంటికిపోవాలి. అందుకని నేను తిన్నాను."

జనం గొల్లుమన్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మా అమ్మాయి కోసం తెచ్చినప్పుడూ ఇంతే. బిబింకా కొట్టు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. పొగలు కక్కుతూ రావాలా? రాయిలాగా చల్లగా వచ్చింది. తక్కువలో తక్కువ రెండిళ్లు తిరిగుంటాడు."

అవును. రెండే. ఆ సంగతి నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను. వెదురు బల్లల మీద మూడో వరసలో కూర్చున్న మెర్లీ వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు.

"అప్పుడూ తిన్నాను," అంది నానాయ్. "రెండిళ్ల వాళ్లు పొమ్మన్నా పెట్టె విసిరి కొట్టకుండా, సిగ్గు చంపుకుని ఇంకో గుమ్మం ఎక్కాడు చూడండి, వీడు నా కూతుర్ని మధ్యలో వదిలెయ్యడనుకున్నాను. నేననుకున్నది తప్పు కాలేదు. నెస్తోర్ మంచివాడు. ఆట రాదు గానీ."

మైకు కప్ చేతిలో పెట్టి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఇరవై ఏడేళ్లలో మొదటిసారి ఆవిడ నోట నా పేరు. మొదటి మెచ్చుకోలు. దాంతోపాటే నా అబద్ధం బట్టబయలు. ఏడవాలో, తిబుర్సియో వెనకాల దాక్కోవాలో తెలీలేదు. కళ్లు మాత్రం నన్నడక్కుండానే తడిశాయి. ఉత్తమ మ్యూజ్ బహుమతి ఓన్యోంగ్ మేనకోడలికి వచ్చింది. ప్రతి ఏడూ ఆమెకే వస్తుంది. ఆ తర్వాత జరిగిన ఆటలో మేం ముప్ఫై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయాం. నేను వేసిన పదకొండు బంతుల్లో ఒక్కటీ పడలేదు. ఆ రోజు గాలినీ రింగునీ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక మెర్లీ అన్నానికి పిలిచింది. చేప ముక్కలు వడ్డిస్తూ, "ఎవరా రెండిళ్ల వాళ్లు?" అంది. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. ఇన్ని పెళ్లిరోజుల అబద్ధం అన్నంలో రాయిలాగా నోటికి అడ్డం పడింది.

పొద్దున్న కాఫీ తాగుతుంటే ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"వెళ్లి బిబింకా కట్టించుకురా. సరాసరి."

ట్రైసికిల్ తాళం తీయలేదు. పరుగెత్తాను. పెట్టె చేతికి రాగానే వెనక్కి తిరిగాను. తిబుర్సియో వీధిలోకొచ్చి ఏదో అన్నాడు. ఆగలేదు. "మాంగ్ నెస్తోర్, బజారుకొస్తారా?" అని ఎవరో బేరం పిలిచారు. ఆగలేదు. నాలుగిళ్ల దూరం. లీగ్‌లో ఏనాడైనా అలా పరిగెత్తి ఉంటే మా జట్టుకి ఇంత చెడ్డపేరు వచ్చేది కాదు. మోకాలు కలుక్కుమంది. నిక్కరు జారబోతే ఒక చేత్తో పట్టుకున్నాను.

పెట్టె బల్లమీద పెట్టాను. ఊపిరి ఆడటంలేదు. మెర్లీ చేతి వెనక వైపుని పెట్టె మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత పురికొస విప్పింది. అరిటాకు తెరవగానే ఆవిరి లేచింది. ఒక ముక్క తుంచుకుని తింది.

"వేడిగా ఉందా?" కిటికీ దగ్గర్నుంచి నానాయ్ అడిగింది.

"వేడిగానే ఉందమ్మా."

"అయితే నెస్తోర్‌కి కూడా ఒక ముక్క పెట్టు."

మెర్లీ పెట్టింది. ఆగకుండా నోట్లో వేసుకున్నాను. నాలుక కాలింది.